బాలికల విద్యా సంఘమూ, మా ఇంటి తలుపు సందూ

ఆ శుక్రవారం మా ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెబుతాను. మగవాళ్ల గదిలో మా అబ్బా మీర్ వజాహత్ అలీ, వకీలు హష్మతుల్లా గారు, మౌల్వీ ఇనాయత్ రసూల్ గారు. ఈ ముగ్గురూ కలిస్తే మా పట్టణపు ముస్లిం బాలికల విద్యా సంఘం. లోపలి వసారాలో తమలపాకులు చుడుతూ దాదీ, ఉల్లిపాయలు తరుగుతూ వంటామె రహీమన్. ఆ గదికీ ఈ వసారాకీ మధ్యనున్న తలుపు వెనక నేను.

అక్కయ్యలారా, నా మాట నమ్మండి. ఇంట్లో ఒక సంస్కరణ సంఘం ఉండడాన్ని మించిన భాగ్యం ఆడపిల్లకు మరొకటి లేదు!

మేము పల్లెలో ఉన్నప్పుడు ఉస్తానీ బీ నాకు అక్షరాలు నేర్పి, ఖురాను చదివించి, ఇక చాలంది. తక్కిన చదువంతా ఈ తలుపు సందు చలవే. టర్కీ ఏలే రూము సుల్తానుగారి కష్టాలు నాకు తెలుసు. ఇంగ్లీషువాళ్లు ఎందుకు పైకొచ్చారో తెలుసు: వాళ్ల ఆడవాళ్లు చదువుకున్నారట. మన జాతి ఎందుకు వెనకబడిందో మాత్రం ఇంకా తెలియలేదు. ప్రతిసారీ సరిగ్గా ఆ మాట దగ్గరే కబాబులు వస్తాయి.

ఏ బడిలో ఇంత చదువు చెబుతారు? అదీ ఇంట్లో నిలబెట్టి!

సంఘం మాటలతో సరిపెడుతుందనుకునేరు. పనులు కూడా చేస్తుంది! "ఆడబిడ్డల కోసం తలుపులు తెరవండి!" అని అబ్బా గొంతెత్తినప్పుడల్లా నేను ముందుకు ఆనుకునేదాన్ని, మా తలుపు కిర్రుమనేది. ఉపన్యాసానికి అడ్డమొస్తోందని బందులకు నూనె పెట్టాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడు పొద్దున్నే పెట్టారు కూడా. లాట్ సాహెబు సర్కారైనా ఇంత చురుగ్గా పనిచేస్తుందా?

ఇక ఆ శుక్రవారం సంగతి. పట్టణంలో కొత్తగా ఆడపిల్లల బడి పెట్టారు. మా మేడ ఎక్కితే దాని గోడ కనబడుతుంది. సంఘం తరఫున మొదటి బాలికను పంపాలి. ఆ బాలిక నేనేనని అబ్బా దాదీతో అనగా విన్నాను. ఆయన పాత షేర్వానీ అస్తరు చింపి పలక పెట్టుకోవడానికి సంచీ కుట్టుకున్నాను. ఆ రోజు దాన్ని భుజాన వేసుకునే నిలబడ్డాను. ఎవరైనా రమ్మంటే ఆలస్యం కాకూడదు కదా!

ముందు మేనా సంగతి తేలాలన్నారు మౌల్వీగారు. "ఒక తెర చాలదండీ."

"రెండు వేయిద్దాం," అన్నారు వకీలుగారు.

"గాలికి ఎగిరితే?"

"అంచులు కుట్టించేద్దాం."

"మరి పిల్ల దిగేదెట్లా?" అన్నారు అబ్బా.

"ముందు ఎక్కనివ్వండి మీర్ సాహెబ్, దిగడం తర్వాత!" అని వకీలుగారు లేచారు. "నేనే కూర్చుని చూస్తా. బోయీలకు దారి లోపల్నుంచి నేనే చెబుతా."

ఎంత త్యాగం! ఆయన మేనాలో దూరారు. రహీమన్ తెరలు కుట్టేసింది. తర్వాత బోయీలను లోపలికి పిలిచారు.

మా బోయీలు పెద్దింటి మర్యాద తెలిసినవాళ్లు. మేనాలోంచి వచ్చే గొంతు వినడం పాపమని వాళ్లకు ఉగ్గుపాలతో నేర్పారు. "ఈ బేగంగారు ఏం తింటారో!" అని గొణుక్కుంటూ ఎత్తారు. వీధి మలుపులో "ఎడమకు తిరగండ్రా!" అని లోపల్నుంచి కేక. వాళ్లు తలలు దించేసుకుని ముందుకే పోయారు. "ఆపండ్రా, ఊపిరాడట్లేదు!" అని ఇంకో కేక. ఆ పాపపు మాట చెవిన పడకుండా ఓహోం ఓహోం అని గొంతులెత్తి పరుగు అందుకున్నారు.

ఎక్కడికి? ఆ రోజు ఆడవాళ్ల మేనాలన్నీ పోయేది ఒకే ఇంటికి. మౌల్వీగారి మనవరాలి అక్షరాభ్యాసం. తిన్నగా జనానా వాకిట్లో దించి, అటు తిరిగి నిలబడ్డారు.

మౌల్వీగారి బేగం కుట్లు చూసి మురిసిపోయిందట. "ఏ ఇంటి ఇల్లాలో గానీ పరదా అంటే ఇదమ్మా!" అంటూ కత్తెర తెచ్చి తెర కత్తిరించింది. ముందు గడ్డం బయటికొచ్చింది. ఆ వెనకే గరిట పడింది.

వకీలుగారు నుదుట బొప్పితో, తడిగుడ్డతో తిరిగొచ్చారు. సంఘం మళ్లీ కూర్చుంది. తెరలు తగ్గిద్దామన్నారా? లేదు. ఆడపిల్ల గడప దాటితే ఎంత ప్రమాదమో నేడు వకీలుగారి అనుభవం వల్ల రుజువైంది గనుక మొదటి బాలికను పంపడం వాయిదా వేద్దామన్నారు. అబ్బా కూడా సరే అన్నారు.

నేను దాదీకి కూడా తలూపే జవాబు చెప్పే పిల్లను. ఆ రోజు నోరెలా వచ్చిందో!

"అబ్బా, నేను నడిచి వెళతాను. బడి మన మేడ మీంచి కనిపిస్తుంది కదా."

మౌల్వీగారు వెంటనే అందుకున్నారు: "చూశారా మీర్ సాహెబ్! బడికి పోకముందే ఇంత! పోతే ఇంకెంత?"

అబ్బా లేచి తలుపు దగ్గరికి వచ్చారు. నా భుజాన ఉన్న సంచీ చూశారు. తన షేర్వానీ అస్తరు గుర్తుపట్టారనుకుంటాను, దాన్ని వేళ్లతో తడిమారు. నా తల నిమిరారు. పిలుస్తారనుకున్నాను.

"లోపలికి పో బిడ్డా," అన్నారు మెల్లగా. "మేము ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకుంటున్నాం. అవి ఆడపిల్లలు వినే మాటలు కావు."

తలుపు మూశారు. నూనె పెట్టిన బందులు కదా, కిర్రుమనలేదు కూడా.