గిలక పాడిన రాగం

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదంటారా, ఈ కొసన ఏనుగు తుమ్మితే ఆ కొసన కుందేలు 'చిరంజీవ' అనేసరికి తెల్లారిపోయేది. అంత అడవికీ సెల్లు సిగ్నలుంది. మీ ఇంట్లో లేదు కదూ? అక్కడుంది!

సిగ్నలొచ్చాక జంతువులన్నీ కలిసి ఓ గ్రూపు పెట్టుకున్నాయి. పేరు 'రాగం పట్టు'. రోజూ ఒకరు ఓ పాట ముక్క పెట్టాలి. అదేం రాగమో మిగతావాళ్ళు చెప్పాలి. ముందు చెప్పినవాళ్ళకే రేపటి ప్రశ్న పెట్టే వంతు. అంతే ఆట. కానీ ఆ పిచ్చి ఉంది చూశారూ, కల్లు కూడా అంత ఎక్కదు!

ఓ రోజు పులి జింకని తరుముతోంది. మధ్యలో ఫోన్లు టింగుమన్నాయి. ఇద్దరూ టక్కున ఆగిపోయారు.

"మోహనం!" అంది పులి రొప్పుతా.

"కాదు బాబాయ్, బిలహరి. ఎక్కేటప్పుడు మోహనంలాగే ఉంటది. దిగేటప్పుడు విను."

పులి మళ్ళీ విని, "అబ్బా, భలే పట్టావే పిల్లా!" అని దాని వీపు తట్టి, ఆకలి మాటే మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది. నా కళ్ళతో చూశా. నమ్మకపోతే వెళ్ళి పులినే అడగండి.

ఈ గ్రూపుకి జడ్జీ ఏనుగు కుంభయ్య. చేటలంత చెవులున్నాయి కదా, సంగీతం తెలిసే ఉంటదని కుర్చీ ఎక్కించారు. ఆయన ఒక్క రాగం పేరు చెప్పగా విన్నవాడు లేడు. ప్రతి ప్రశ్న కిందా ఒకటే రాసేవాడు: "నాకు తెలుసు. పిల్లలు చెప్పనీ అని ఊరుకున్నా."

అది చదివినప్పుడల్లా నక్క సూరికి ఒళ్ళు మండేది. సూరి నిజంగానే రాగాలు పట్టేవాడు. ఆ గ్రూపంటే ప్రాణం వాడికి.

"ఈసారి నా వంతు రానీ మావా," అన్నాడు ఎలుగుబంటితో. "ముసలాయన చేత నోరు తెరిపించి, ఆ కుర్చీ లాగేస్తా."

"జాగ్రత్తరోయ్ అల్లుడూ. ప్రశ్న పెట్టినవాడికే జవాబు తెలీకపోతే గ్రూపులోంచి గెంటేస్తారు, గుర్తుందా?"

"నా ప్రశ్నకి జవాబు నాకు తెలీదా ఏంటి!"

వంతు వచ్చింది. ఫారెస్టు గార్డు నూతికి తుప్పట్టిన గిలకుంది. గార్డు నీళ్ళు తోడుతుంటే అది కిర్ర్... కీచ్... అంటది. సూరి పొదలో దాక్కుని ఆ చప్పుడు రికార్డు చేసి గ్రూపులో పడేశాడు: "ఏం రాగం? పెద్దలే చెప్పాలి."

"తెలుసు. పిల్లలు చెప్పనీ," అని రాశాడు కుంభయ్య.

"కుదరదు తాతా, తమరే చెప్పాలి!" అని సూరి రాసేలోపు గాడిద దూరింది: "నాకూ తెలుసు. కుర్రాళ్ళు చెప్పనీ."

"ఇంత తేలికా? వేరేవాళ్ళకి ఛాన్సిస్తున్నా," అంది కాకి.

కొంగైతే ఏడుపు బొమ్మ పెట్టింది: "మా తాతగారు రోజూ పాడేవారు."

అడవంతా తెలిసినవాళ్ళే. చెప్పేవాడే లేడు!

సూరి పొట్ట పట్టుకుని దొర్లాడు. ఇక ఆపుకోలేక, "ఓరి నాయనల్లారా, అది రాగం కాదు, నూతి గిలక!" అని రాసేశాడు.



కుంభయ్య రాశాడు: "చూశారా? తను పెట్టిన ప్రశ్నకి రాగం తెలీక, గిలక మీదకి తోసేస్తున్నాడు."

"మా తాతగారిని గిలకంటావురా?" అని కొంగ ఎగిరింది.

అంతే. సూరిని గెంటేశారు. కుంభయ్యకి శాలువా కప్పారు. అది ఒక్క చెవికే సరిపోయిందనుకోండి.

ఇక సూరి బాధ చూడాలి! ఫోను టింగనదు. కోయిల కూస్తే "ఏం రాగం?" అని అడగడానికి తోడు లేదు. చీమలకి ప్రశ్నలు పెట్టి చూశాడు, అవి ఆగవు. చివరికి ఆ గిలక దగ్గరే చతికిలబడ్డాడు.

కిర్ర్... కీచ్...

తల దానంతటదే ఊగింది. "ఓరి దీని దుంపతెగా, ఇందులో తోడి రాగం ఛాయ తగుల్తోందే!"

ఎగిరి గంతేసి ఎలుగు మావ చేత గ్రూపులో కబురు పెట్టించాడు: "తప్పయింది. ఆ రాగం నాకిప్పుడు తెలిసింది. కానీ పిల్లలు చెప్పనీ అని ఊరుకున్నా."

"ఇప్పుడయ్యావురా విద్వాంసుడివి!" అని గ్రూపంతా చప్పట్లు. వాణ్ణి మళ్ళీ చేర్చుకుని, కుంభయ్య పక్కనే చిన్న జడ్జీ కుర్చీ వేశారు.

ఎలుగు మావ మెల్లగా చెవి దగ్గర చేరాడు. "ఇంతకీ ఏం రాగంరా అల్లుడూ?"

"ష్! చెప్తే కుర్చీ పోద్ది మావా."

నీతా? జవాబు చెప్పినవాడికి రేపటి ప్రశ్న దక్కుద్ది, చెప్పనివాడికి కుర్చీ దక్కుద్ది.