ఆఖరి ఇంటికి మార్కులు

ఆ ఆదివారం పొద్దున స్తుతి పెట్టుకున్న పనులు మూడే: చర్చికి వెళ్లడం, గెలవడం, ఇంటికొచ్చి ఉల్లిగడ్డలు కోయడం. పెళ్లయ్యాక ఇది మొదటి క్రిస్మస్. సాయంత్రం క్వయర్ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడతారు. ఇల్లందులోని వాళ్ల సంఘంలో, ఆఖరున పాడిన ఇంటివాళ్లు క్వయర్‌కంతా భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ ఆఖరి ఇల్లు తమదే కావాలని స్తుతి ఆశ. పక్కింటి గులాబ్ బీ దగ్గర బగారన్నం వండే పెద్ద గంజు కూడా తెచ్చిపెట్టుకుంది. అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి దాన్ని తడిమి మురిసిపోతోంది.

అడ్డం మహిమ టీచరే. ఏటా ఆఖరి ఇల్లు ఆమెది. ఈసారి క్వయర్‌లో సగం మంది ఆమె వైపు, సగం మంది కొత్త కోడలి వైపు.

"చేతులెత్తమంటే కొట్లాటే అయితది," అన్నాడు భర్త క్రిస్టోఫర్. అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. "చీటీల మీద ర్యాంకులు రాయిద్దాం. మొదటి ఇంటికి మూడు మార్కులు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. ఎవరికీ సున్నా రాదు. ఎవరూ అలగరు."

"ఉన్నయి రెండిండ్లే గదండీ. మూడోది ఏడికెల్లి తెస్తరు?"

"ఆరోగ్యం తాత పేరు రాద్దాం. ఊకెనే, లెక్క కోసం."

ఆరోగ్యం తాత బొగ్గుబాయిలో రిటైరై, క్వయర్‌కు డోలక్ వాయిస్తూ, వీళ్ల పెరట్లోని ఒంటి గదిలో కిరాయికి ఉంటున్నాడు. ఆయన వంటిల్లంటే ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక గిన్నె. చలికాలం స్నానానికి నీళ్లు కాగేదీ ఆ గిన్నెలోనే.

ఆరాధన అయ్యాక క్వయర్‌లోని పదకొండు మందికీ చీటీలు పంచారు. స్తుతి తన ఇంటికి మొదటి ర్యాంకు వేసుకుంది. న్యాయంగా రెండోది మహిమకు వేయాలి. కానీ పోటీ మనిషికి రెండు మార్కులు ఎందుకివ్వాలి? ఎలాగూ గెలవడు కదా అని తాతకు రెండు రాసి, మహిమను మూడుకు తోసింది. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. తలెత్తి చూస్తే, ఎదురు బెంచీలో మహిమ కూడా ముసిముసిగా నవ్వుకుంటూ రాస్తోంది.

క్రిస్టోఫర్ లెక్కపెట్టాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు.

"ఏందయ్యా, చెప్పవేంది?" అన్నాడు పాస్టరు.

"మహిమ టీచర్‌కు ఇరవై ఒకటి, అయ్యగారూ. మా ఇంటికి ఇరవై రెండు."

స్తుతి లేచి నిలబడింది.

"ఆరోగ్యం తాతకు ఇరవై మూడు."

స్తుతి కూర్చుంది.

తాత తప్ప పది మందీ తమవాళ్లకు మొదటి ర్యాంకు వేసి, ఎదుటివాళ్లను మూడుకు తోశారు. మిగిలిన రెండో ర్యాంకు పది చీటీల్లోనూ తాతకే పడింది. ఆయనకు వచ్చిన మొదటి ర్యాంకు ఒక్కటే. అది ఆయన వేసుకున్నది.

"గిదేం లెక్క సారూ!" అని మహిమ లేవబోయింది. ఇంతలో తాత డోలక్ పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"నా మీద మీకు గింత ప్రేమ ఉన్నదని నాకెర్కనే లేదు బిడ్డా."

మహిమ మెల్లగా కూర్చుంది. పొరపాటని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాస్టరు లేచి వచ్చి తాతను కౌగిలించుకున్నాడు. ఆ ఊపులో, "తాత ఇంట్ల భోజనానికి క్వయర్ ఒక్కటేంది, సంఘమంతా రావాలె!" అని ప్రకటించేశాడు.

ఇల్లు చేరాక తాత తన గిన్నె పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, గీంట్ల సంఘానికంతా అన్నం ఉడకదు. మరి నా గదికి తోవ గూడ మీ వాకిట్లకెల్లే గద. ఆడనే కూసోబెడ్త అందరిని."

స్తుతి గంజు వైపు చూసింది. గంజు కూడా సంఘానికంతా చాలేలా లేదు. ఏడుపొచ్చింది, ఉల్లిగడ్డలు కోస్తోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. పని తనది, పేరు తాతది!

అంతలో గేటు చప్పుడైంది. మహిమ టీచర్, చేతుల్లో ఇంకో గంజు.

"నేను గూడ తాతకే రెండు రాసిన. జరుగు, ఉల్లిగడ్డలిటియ్యి."

"నవ్వుకుంట రాసినవ్, నేను చూసిన!" అంది స్తుతి.

"నువ్వేమన్న ఏడ్చుకుంట రాసినవా?"

ఇద్దరూ కత్తిపీటలు వదిలేసి నవ్వారు.

దీపాల వేళకు క్యారల్స్ ముగిసి వాకిలి నిండిపోయింది. "తాతా, మీ ఇంట్ల కోడికూర మస్తున్నది!" అన్నారెవరో. స్తుతి చేతిలో గరిటె ఆగింది.

"ఇల్లు ఈ పిల్లది. వంట ఇద్దరు పిల్లలది. నాదున్నది ఓటే," అన్నాడు తాత. "అది గూడ, మనకెవరేస్తరు, ఒక్కటన్న పడనీ అని నేనే వేసుకున్న. నా రెండోది నీకే వేసిన బిడ్డా."

అందరూ స్తుతి వైపు చూసి చప్పట్లు కొట్టారు. ఆమె ముఖం వాకిట్లో వేలాడుతున్న స్టార్ లైటు కంటే వెలిగింది.

భోజనాలయ్యాక గంజులు తోమే పనికి మాత్రం చీటీలు అవసరం లేకుండానే క్రిస్టోఫర్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.