ఎనభై దాటితే వణుకు

ఆ మంగళవారం పొద్దున ఖమ్‌పన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూరగాయల గంపలు పికప్ బండిలో ఎక్కించాలి, భార్య లమ్‌దువన్‌ను పక్కన కూర్చోబెట్టుకోవాలి, రోయెత్ పట్నం సంతకు హాయిగా తోలుకుంటూ వెళ్లాలి. ముందురోజు సాయంత్రమే పట్నంలో బండికి కొత్త అల్లాయ్ చక్రాలు వేయించుకుని, వాటికి దుమ్మంటకుండా మెల్లగా తోలుకొచ్చాడు. కంపెనీ చక్రాలు నిక్షేపంలా ఉండగా ఇవి దేనికని లమ్‌దువన్ వానాకాలమంతా పోట్లాడింది. వీటి మీద వెళితే ఒళ్లో సూప్ గిన్నె పెట్టుకున్నా చుక్క ఒలకదని అతను మాటిచ్చాక, విసుగొచ్చి ఊఁ అంది.

ఊళ్లో బండి మెత్తగా సాగింది. హైవే ఎక్కి స్పీడు ముల్లు ఎనభై దాటిందో లేదో, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. దాన్ని పట్టుకున్న చేతులు వణికాయి, మోచేతులు వణికాయి, ఖమ్‌పన్ బుగ్గలు కూడా కొంచెం ఊగాయి. లమ్‌దువన్ తల తిప్పి చూసింది.

"చేతులేంటయ్యా, అలా ఊగుతున్నాయి?"

బండి వణుకుతోందని చెప్పొచ్చు. చెబితే ఆ సూప్ గిన్నె సంగతి మళ్లీ మొదటికొస్తుంది. ఖమ్‌పన్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏం లేదు. ఈమధ్య చేతులే కాస్త వణుకుతున్నాయి," అన్నాడు.

సాయంత్రానికల్లా తీరిపోయే అబద్ధమే కదా అనుకున్నాడు. సంత ముగియగానే ఏదో పనుందని చెప్పి, చక్రాలు వేసిన టైర్ల షాపుకు వెళ్లాడు. షాపాయన చక్రాలు విప్పి, మిషన్ మీద తిప్పి, అంచులకు సీసం ముక్కలు అంటించి, మళ్లీ బిగించాడు. తిరుగు దారిలో ముల్లు ఎనభై దాటగానే అదే వణుకు. మర్నాడు ఖమ్‌పన్ మళ్లీ వెళ్లాడు. షాపాయన మళ్లీ తిప్పాడు, ఇంకాసిని ముక్కలు అంటించాడు, నట్లు ఒంటి బరువంతా వేసి బిగించాడు. వణుకు పోలేదు. అడిగితే షాపాయన, చక్రాలకు రోడ్డు కొత్త కదా, అలవాటు పడాలన్నాడు.

ఈలోగా లమ్‌దువన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొగుడికి ముందు కాఫీ మాన్పించింది, తర్వాత నాటుసారా మాన్పించింది. ఊరి ఆరోగ్య కార్యకర్త వందీని పిలుచుకొచ్చింది. వందీ అతన్ని చేతులు చాపమంది. అవి గుంజల్లా నిలబడ్డాయి. వందీ మొహం ఇంకా దిగాలుపడింది.

"ఇది చూసేవాళ్ల ముందు దాక్కునే రకం. ఇదే ప్రమాదం," అంది.

అంతటితో బండి తాళం ఖమ్‌పన్ జేబులోంచి లమ్‌దువన్ తమ్ముడు సుబిన్ జేబులోకి వెళ్లిపోయింది. సుబిన్ ఒక కాలు సీటు మీద పెట్టుకుని తోలే మనిషి. తన బండిని అలాంటివాడి చేతిలో చూడటం కన్నా నిజం ఒప్పుకోవడమే మేలేమోనని ఖమ్‌పన్ ఆ పగలంతా మథనపడ్డాడు. చెప్పేద్దామని మనసు గట్టి చేసుకునేసరికి సుబిన్ సంత నుంచి తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నాకూ వచ్చింది," అన్నాడు.

ఖమ్‌పన్ తల ఎత్తకుండా అన్నం నములుతూ ఉండిపోయాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఒకటి కాదు, రెండు జబ్బులకు జవాబు చెప్పుకోవాలి.

బావకూ బావమరిదికీ ఒకే జబ్బంటే ఇద్దరూ ఒకే చోట ఏదో తిని ఉండాలని వందీ తేల్చింది. ఆరా తీస్తే దొరికింది, అత్తగారు ఫెంగ్ జాడీలో ఊరేసిన చేప. ఆ చేప కోసం ఊళ్లో సగం ఇళ్లవాళ్లు సీసాలు పట్టుకుని ఫెంగ్ గుమ్మం ముందు వరస కడతారు. కబురు తెలిసిన ప్రతివాళ్లూ చెయ్యి చాపి చూసుకున్నారు. కాసేపు చాపి ఉంచితే ఎవరి చెయ్యయినా వణుకుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చీకటి పడకముందే ఫెంగ్ వాకిట్లో జనం తిరిగి తెచ్చిపెట్టిన చేప సీసాలు బారులు తీరాయి.

ఊరి పెద్దలు వచ్చి, ఒంట్లోంచి తప్పిపోయిన ప్రాణాన్ని వెనక్కి పిలవాలని ఖమ్‌పన్ మణికట్లకు తెల్లదారాలు కట్టారు. కట్టేవాళ్లు ఎంతమంది వచ్చారంటే దారాలు మోచేతుల దాకా పాకాయి. ఒక ముసలాయన అతని చెయ్యి పట్టుకుని, నువ్వు అబద్ధమెరగని మనిషివి, నీకే ఇలా కావాలా అని బాధపడ్డాడు. ఖమ్‌పన్‌కు ఏడుపు ఆగలేదు. ప్రాణం తిరిగొచ్చిందని అందరూ సంతోషించారు.

మర్నాడు పొద్దున ఫెంగ్ జాడీ చంకనబెట్టుకుని వచ్చింది. వాకిట్లో నిలబడి అందరూ చూస్తుండగా జాడీలో చెయ్యి పెట్టి ఇంత చేప తీసి తింది. తర్వాత కూతురి వైపు తిరిగి, బండి నువ్వు తోలు అంది. పెళ్లికి ముందు లమ్‌దువన్ చెరుకు లారీలు తోలిన మనిషి. పెళ్లయ్యాక ఖమ్‌పన్ ఆమెకు ఏనాడూ తాళం ఇవ్వలేదు. తల్లీకూతుళ్లు ముందు కూర్చున్నారు, రోగులిద్దరూ వెనక తొట్టిలో ఎక్కారు.

హైవే మీద గాలి జోరు పెరుగుతుంటే ఖమ్‌పన్ అద్దంలోంచి భార్య మోచేతులనే చూస్తున్నాడు. కాసేపటికి అవీ వణికాయి. బండి పక్కకు తీసి ఆపేసింది. కిటికీలోంచి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"ఆ జాడీలోది నువ్వెప్పుడైనా తిన్నావా?" అంది ఫెంగ్.

"నాకు దాని వాసనే పడదు కదమ్మా."

"అయితే బండి తినుంటుంది."

లమ్‌దువన్ దిగి వెనక్కొచ్చింది. దారాల్లో మునిగిన మొగుడి చేతుల్ని, ఆ తర్వాత అతని మొహాన్ని చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఎనభై దాటినప్పట్నుంచి," అన్నాడు ఖమ్‌పన్.

సుబిన్ తన చేతులు రెండూ చూసుకుని, బావ వైపు ఒక చూపు చూసి, అవతలికి తిరిగి కూర్చున్నాడు.

అక్కడే, రోడ్డు పక్కనే చక్రం విప్పాల్సిందేనని ఫెంగ్ పట్టుబట్టింది. ఖమ్‌పన్ జాకీ పెట్టి విప్పాడు. కొత్త చక్రం మధ్యలో ఉన్న రంధ్రం, అది కూర్చోవాల్సిన ఇరుసు బొడిపె కన్నా వెడల్పుగా ఉంది. మధ్యలో వేలు దూరేంత సందు. అత్తగారు వంగి చూసింది.

"ఈ మూత ఈ జాడీది కాదల్లుడూ. ఎంత బిగించినా ఓ పక్కకి జరిగే కూర్చుంటుంది."

ముల్లు నలభై దాటనీయకుండా టైర్ల షాపుకు వెళ్లారు. సందు సంగతి చెప్పగానే షాపాయన సొరుగు లాగి ప్లాస్టిక్ రింగులు తీశాడు. ఇవి ముందే ఎందుకు వేయలేదని లమ్‌దువన్ నిలదీస్తే, మీ ఆయన అడగలేదు కదా అన్నాడు. బొడిపెకు రింగు తొడిగి, చక్రం ఎక్కించేసరికి అది టక్కున నడిమధ్యలో కూర్చుంది.

తిరుగు దారిలోనూ లమ్‌దువనే తోలింది. ఎనభై, తొంభై, ఆపైన ఇంకొంచెం. స్టీరింగ్ బుద్ధిమంతురాలిలా నిలబడింది. ఆమె పాట కూడా అందుకుంది. ఊళ్లో దిగాక ఖమ్‌పన్ సీసాలన్నీ నెత్తికెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి, జబ్బు తనదీ కాదు చేపదీ కాదు, చక్రాలదని చెప్పుకున్నాడు. కొందరు నమ్మారు. మిగతావాళ్లు దారాల మహిమ అన్నారు.

మర్నాడు తెల్లారి గంపలు ఎక్కించి, ముందు తలుపు దగ్గరికి వచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు. లమ్‌దువన్ అప్పటికే సీటు తన కాళ్లకు అందేలా ముందుకు జరుపుకుని కూర్చుని ఉంది.

"వెనక టమాటా గంపలు జారుతున్నాయి, వెళ్లి పట్టుకో. చేతులు బాగయ్యాయిగా," అంది.

గంపల మధ్య కూర్చుని చూస్తే, ఆ చక్రాల మీద ప్రయాణం నిజంగానే సుఖంగా ఉంది.