ప్లగ్గొచ్చింది

ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగి, భీమశంకరం గారు మోటారు సైకిలు ఇంజను విప్పుదామనుకున్నారు. అనుకుని ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. కాలువల శాఖ దొర ఒకాయన సీమకు పోతూ అమ్మేసిన బండి అది. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసి, తాడేపల్లిగూడెం మొత్తంమీద ఇంజను సంగతి తెలిసినవాణ్ణి తానొక్కణ్ణేనని ఆయన తేల్చుకున్నారు.

సరిగ్గా ఆ రోజే ఆయన భార్య చంద్రకళ ఏలూరు వెళ్ళాలి. అక్కడి ఆడపిల్లల స్కూల్లో వీణ నేర్పే టీచరు కావాలి. ఎవరింటి పేరంటంలోనో ఆమె వీణ విన్న హెడ్మిస్ట్రెస్ మరియమ్మ గారు, "మధ్యాహ్నంలోగా వచ్చి కనబడితే ఉద్యోగం మీదే, ఇవాళ దాటితే ఇంకొకర్ని చూసుకుంటాను" అని కబురు పెట్టారు. పెళ్ళయిన నాటినుంచీ చంద్రకళ వీణకు కప్పిన గలీబు తీసింది తక్కువ. తీస్తే అత్తగారికి తలనొప్పి వచ్చేది. అత్తగారు పోయాక ఆ తలనొప్పి కొడుక్కి వచ్చింది. ఈ ఉద్యోగం తప్పిపోతే ఇక బతుకంతా ఈ వంటింటి పొగలోనేనని చంద్రకళకు తెలుసు.

"రైల్లో వెళ్ళిపోతానండీ," అంది.

"ఇంట్లో బండి పెట్టుకుని రైలేమిటే? నలుగురూ నవ్వరూ! చిటికెలో ట్యూనింగు చేసేసి నేనే దింపుతాను. నువ్వు తలంటుకుని ముస్తాబవు."

పెరట్లో వడియాల చాప పరుచుకుంది. మసి గీకడానికి అట్లకాడ వచ్చింది. ఇంజనులో పొయ్యడానికి చంద్రకళ తలకు రాసుకునే ఆముదం వచ్చింది. ఇంజనుకు నిప్పు అందించే ప్లగ్గు మాత్రం రాలేదు. మసి పట్టి బిగుసుకుపోయింది. ఆయన దాన్ని బతిమాలారు, తిట్టారు, దొరని తిట్టారు. చివరికి అది ఊడి చేతిలోకి వచ్చేసరికి గంతేసి వీధి అదిరేట్టు అరిచారు.

"ప్లగ్గొచ్చిందోయ్! ప్లగ్గొచ్చింది!"

గోడకవతల పిడకలు కొడుతున్న పక్కింటి సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడకు వినబడేది సగమే, మిగతా సగం తనే సమకూర్చుకుంటుంది.

"ప్లేగొచ్చిందా అండీ?"

"ఆఁ, వచ్చిందండీ! ఒళ్ళంతా నల్లగా మాడిపోయింది. లోపల్లోపలే ముదిరిపోయింది, నేనే చూసుకోలేదు."

"అయ్యయ్యో! మీ ఆవిడేదండీ?"

"లోపలుంది. ఇప్పట్లో బయటికి రాదు లెండి."

"మరిప్పుడేం చేస్తారండీ?"

"ఏవుందీ! కిరసనాయిలు పోసి కాల్చేస్తాను. అప్పటికీ బాగవకపోతే పారేసి కొత్తది తెచ్చుకుంటాను."

సూరమ్మ పిడకల చెయ్యి కూడా కడుక్కోలేదు. ఆ కబురు వీధి పొడుగునా పంచిపెట్టి, మొగుడు రంగూన్ పోయి మరిచిపోయిన కూతురు కామేశ్వరిని రెక్క పట్టుకుని, ఏలూరులో తమ్ముడింటికని స్టేషనుకు పరుగెత్తింది. వీధిలో తలుపులన్నీ మూతబడ్డాయి.

కాసేపటికి శానిటరీ ఇన్‌స్పెక్టరు కృపానందం మనుషుల్ని వెంటేసుకుని, ముక్కుకీ నోటికీ గుడ్డ చుట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ గుడ్డలోంచి ప్లేగన్నా ప్లగ్గన్నా ఒకలాగే వినబడుతుంది.

"ఇక్కడ ప్లేగుందటగా?"

"ఉందండీ!" భీమశంకరం గారు మురిసిపోయారు. తన పనితనం చూడ్డానికి సర్కారు వాళ్ళే వచ్చారనుకున్నారు. "సీమనుంచి వచ్చిందండీ."

"అంటుకుంటోందా?"

"భేషుగ్గా అంటుకుంటోందండీ! నిరుడు పెంటపాడు వెంకట్రాజు గారిక్కూడా ఒకటిచ్చాను."

"ఇచ్చారా!"

"అడిగితే కాదనగలమా అండీ?"

కృపానందం వెనక్కి తిరిగి మనుషులకు సైగ చేశాడు. పట్టుచీర కట్టుకుని గుమ్మం దాకా వచ్చిన చంద్రకళను లోపలికి నెట్టించి, బయట తాళం వేయించాడు. మనుషులు ఇంట్లోకి ఎండ పడాలని కప్పెక్కి పెంకులు ఊడదీశారు. ఆ కంతలోంచి ఫినాయిలు చల్లారు. చంద్రకళ కిటికీ ఊచలు పట్టుకుంది.

"ప్లేగు కాదండీ, ప్లగ్గు! నేను రైలందుకోవాలండీ, మీకు పుణ్యముంటుంది!"

"రోగమున్న ఇంట్లో అందరూ ఇలాగే పేరు మార్చి చెబుతారమ్మా," అన్నాడు కృపానందం జాలిగా.

"ఏవండీ! మీరైనా ఒక్క మాట చెప్పండీ!"

"ఉండవే, నట్టు కనబడ్డం లేదు," అన్నారు భీమశంకరం గారు, చాప మీద వంగి. "అయ్యా ఇన్‌స్పెక్టరు గారూ, కాస్త కాలు తీస్తారా?"

రైలు కూత వినబడింది. చంద్రకళ ఊచలు వదిలేసి నేల మీద కూలబడింది. ఫినాయిలు కంపులో, తలంటుకున్న జుట్టుతో, పసిపిల్లలా ఏడ్చింది. అట్లకాడతో గీకుతున్న చప్పుడు పెరట్లోంచి వస్తూనే ఉంది.

కృపానందం కబురు పెడితే సాయంత్రానికి డాక్టరు గారు వచ్చి, ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూసి, కడుపుబ్బ నవ్వి, తాళం తీయించారు. అప్పటికి ఇంజను బిగించేసిన భీమశంకరం గారు ఆ ప్లగ్గు కూడా బిగించారు. బండి ఒక్క తన్నుకే అందుకుంది. చెప్పకేం, అంత బాగా అది దొర దగ్గర కూడా నడిచి ఉండదు. "ఎక్కు, ఎక్కు, ఇంకా పొద్దుంది," అన్నారు. చంద్రకళ చీర మార్చుకోకుండానే ఎక్కింది. భీమడోలు దాటేదాకా ఆయన ఇంజను గురించే మాట్లాడారు.

స్కూలు గేటు తీయలేదు. మరియమ్మ గారు పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊచల అవతలే నిలబడ్డారు.

"మీరు రాలేరని పొద్దున మీ పక్కింటావిడ వచ్చి చెప్పిందమ్మా. మీకు ఇవాళో రేపో అన్నట్టుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెంట ఆ కామేశ్వరి కూడా ఉంటే వీణ ముందు కూర్చోబెట్టాను. ఏవో నాలుగు గీతాలు వాయించింది. మీ ఆయన ఇంట్లో లేనప్పుడు మీరే నేర్పారటగా? సరే, ఉద్యోగం ఆ పిల్లకే ఇచ్చేశాను. పాపం, దానికీ దిక్కులేదు."

చంద్రకళకు ఏడుపు పొద్దున్నే అయిపోయింది. వెనక భీమశంకరం గారు ప్లగ్గు ఊడదీసి, పంచె కొసతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసుకుంటున్నారు.

"చూశావటే, ఇంత దూరమొచ్చినా చుక్క మసి పట్టలేదు!"

మరియమ్మ గారు పైట చెంగు కాస్త దించారు. "మరి మీ ఇంట్లో ఉన్నది ప్లేగు కాదా అమ్మా?"

"కాదండీ," అంది చంద్రకళ. "ప్లేగుకైతే టీకా ఉంది."