పొట్టేలంత కుందేలు

ఒక పెద్ద అడవిలో వానలు మొహం చాటేసిన ఏడాది అందరికీ ఒక పాత కట్టుబాటు గుర్తుకొచ్చింది. కరువులో ప్రజలు చిక్కిపోతే, వానలు పడేదాకా రాజు కూడా వేట మానాలి. చిక్కారో లేదో జనాభా సర్వే చేసి తేల్చాలి.

సింహం ఆ పని గుంటనక్క బుచ్చప్పకు అప్పగించింది. బుచ్చప్ప ముందు తన లెక్క చూసుకున్నాడు. రాజు వేట మానితే, రాజు ఎంగిలి మీద బతికే తన గతేం కాను?

కుందేళ్ళనూ ముంగిసలనూ నిజాయితీగానే తూచాడు. అందరికీ పక్కటెముకలు బయటపడి ఉన్నాయి. ఏనుగును తూచే తక్కెడ లేక, దాని బరువు దాన్నే అడిగి రాసుకున్నాడు. అది కాస్త కలుపుకునే చెప్పింది. బుచ్చప్ప తన బరువూ చేర్చి, అంతా కూడి, తలల లెక్కన భాగించాడు.

"తలొక్కింటికి బలిసిన పొట్టేలంత తూకం తేలింది దొరా. ప్రజలు పుష్టిగా ఉన్నారు," అని సభలో చదివాడు.

కుందేలు చెవులమ్మ లేచింది. "అయ్యా, నన్నొకసారి చూసి చెప్పండి. గాలొస్తే పడిపోయేట్టున్నాను."

"చూడటం నా పని కాదమ్మా, లెక్క కట్టడం నా పని. సగటున నువ్వు పొట్టేలంత ఉన్నావు. ఊరికే బెంగపడకు."

ముసలి తాబేలు గొంతు సవరించుకుంది. "బక్కవాళ్ళ నుంచి బలిసినవాళ్ళ దాకా వరసగా నిలబెట్టి, నడుమ ఎవరున్నారో చూడు నాయనా. ఏ ముంగిసో ఉంటుంది."

"అంత వరస కట్టేలోపు వానలే పడతాయి తాతా," అని బుచ్చప్ప కొట్టిపారేశాడు.

సింహం జూలు విదిలించి వేటకు బయల్దేరింది. పట్టిందల్లా కుందేలే. ఒక్కటీ పంటి కిందికి చాలలేదు. బుచ్చప్పకు ఎంగిలి మాట దేవుడెరుగు, వాసన కూడా మిగల్లేదు.

ఒక సాయంత్రం సింహం బుచ్చప్పను పిలిపించింది.

"పొట్టేలంత అన్నావు కదరా. ఏదీ?"

"దొరవారికి దొరికినవి సగటుకు తక్కువవి. ఎక్కువది ఒకటుంది," అని బుచ్చప్ప కాస్త దూరంలో నిలబడ్డ ఏనుగు వైపు చూశాడు.

ఏనుగు కాలితో నేల తట్టింది. సింహం చూపు తిప్పుకుంది. "నాకు ఎక్కువది వద్దు. సగటుది చాలు. ఆ లెక్కలో నువ్వున్నావా?"

బుచ్చప్ప వెనక్కి జరిగాడు. "ఉన్నాను దొరా. కానీ నాకున్నవన్నీ ఎముకలే."

"అయితే లెక్క తప్పా? తప్పయితే నేను పస్తుండాలి. ఒప్పయితే నువ్వు పొట్టేలువి. నీ నోటితో నువ్వే చెప్పు."

బుచ్చప్ప తన లెక్కలో తప్పును తనే పట్టి చూపుదామని నోరు తెరిచాడు. ఆకలి ఎక్కువై, సింహం జవాబు దాకా ఆగలేకపోయింది.

మర్నాడు సభలో కొత్త సర్వే అధికారి కాకి లేచి, "రాజుగారు నిన్న పొట్టేలంత భోంచేశారు," అని చదివింది. సింహం కడుపు గురగురమనడం అందరికీ వినిపించింది. ఎవరూ రాసుకోలేదు.

నీతి: సగటు తీసేటప్పుడు ఏనుగును కలుపుకోవచ్చు, నిన్ను మాత్రం కలుపుకోకు.