పేర్లు తీసే ఆదివారం

...ఇంతా చేసి మళ్లీ ముగ్గురే వస్తే? గడ్డం గీసుకుంటున్న కార్యదర్శి చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆ అపార్ట్‌మెంట్ సమావేశానికి వచ్చేది ముగ్గురే. అందులో ఒకాయన పేపరు చదువుకోవడానికి వస్తాడు. నిర్ణయాలన్నీ తనవే, తిట్లన్నీ తనకే. అందుకే ఈసారి పద్ధతి మార్చాడు. డబ్బాలో అన్ని ఇళ్ల పేర్లూ వేసి ఏడింటిని తీస్తారు. పెరట్లో చెట్లు ఉంచాలా, కొట్టేసి కార్లకు చోటివ్వాలా అన్నది ఆ ఏడుగురే అందరి మాటా విని తేలుస్తారు. తనకు ఓటుండదు. కొట్టేయడమే మంచిదని మాత్రం లోలోపల ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

"నోటీసులో ఏం రాశారు?" అంది భార్య.

"'ఆదివారం పేర్లు తీయబడును. ఎవరికీ మినహాయింపు లేదు' అని."

"అంతేనా?"

"క్లుప్తంగా ఉండాలి కదే!"

కిందికి దిగేసరికి పెరడు కిటకిటలాడుతోంది. అందరి చేతుల్లో ఇంటి పత్రాలు, కరెంటు బిల్లులు. ఒకావిడైతే గృహప్రవేశం ఫొటో కూడా తెచ్చింది. ఇంత చైతన్యమా! కార్యదర్శికి కళ్లు చెమర్చాయి. ఆ సంబరంలో సంగతి వివరించడం కూడా మరిచి, నేరుగా డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"మూడో అంతస్తు టైలరమ్మగారు!"

ఆమె గొల్లుమంది. "నా పేరెందుకు తీశారు అన్నయ్యగారూ? నేనేం తప్పు చేశాను?"

"తప్పేంటమ్మా, నీ అదృష్టం!"

"తీసేసి పైగా అదృష్టమంటారేంటండీ!" పళ్ల డాక్టరు లేచాడు. కుట్టుమిషను చప్పుడు గొడవతో ఆయనకూ ఆమెకూ చాలాకాలంగా మాటల్లేవు. "ఆవిడ పేరు తీస్తే నాదీ తీసెయ్యండి!"

"మాదీ తీసెయ్యండి!" పెరడంతా ఒక్క గొంతైంది.

అప్పుడు వెలిగింది కార్యదర్శికి. తను ఎంచుతున్నాననుకున్నాడు, వాళ్లు ఇళ్ల జాబితాలోంచి తొలగిస్తున్నాడనుకున్నారు. అందుకే ఆ పత్రాలూ బిల్లులూ. చెంపలేసుకుని విషయం చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. అయినా ఎవరూ కదల్లేదు. పోట్లాటకని తెచ్చుకున్న ఓపిక ఇంకా మిగిలే ఉంది మరి.

మిగతా ఆరు పేర్లూ వచ్చాయి. టైలరమ్మ కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. ముందు కారు లేనివాళ్లు."

ఐదో అంతస్తు తాతగారు ఆ చెట్ల నీడ కోసమే రోజూ మెట్లు దిగుతానన్నాడు. డ్రైవింగు మాస్టారు నేలమీద సుద్దతో గీసి, కార్లు గోడవారగా ఏటవాలుగా పెడితే ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదని చూపించాడు. కార్యదర్శికి ఎన్నడూ తట్టని సంగతి. కోపం రావలసింది. వచ్చింది గౌరవం, అందులో చిటికెడు అసూయ.

ఒక్క మాట అనాలనిపించింది. అలవాటుగా లేచి గొంతు సవరించుకున్నాడు.

"మీ వంతు ఇంకా రాలేదు అన్నయ్యగారూ, కూర్చోండి."

కార్యదర్శి కూర్చున్నాడు. పదవిలోకి వచ్చాక మొదటిసారి, చెయ్యెత్తాడు.