గిన్నె లేనిదే మూట లేదు

శనివారం పొద్దున యశస్విని అనుకున్న పని చాలా చిన్నది. నల్లగండ్లలో తాము ఉండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వ్యాన్ వస్తుంది. అందరూ పాత బట్టల మూటలు తెచ్చి అందులో వేస్తారు. మధ్యాహ్నానికి వ్యాన్ ఫ్యాక్టరీ చేరుతుంది.

ఆమె పనిచేసే చిన్న కంపెనీ నూలు గుడ్డలను, పాలిస్టర్ గుడ్డలను కలిపి తురుముతుంది. ఆ తురుమును వేడి మీద నొక్కితే పాలిస్టర్‌లోని ప్లాస్టిక్ కరిగి నూలు పోగులను పట్టేసుకుంటుంది. చెక్కలాంటి పలక వస్తుంది. సోమవారం హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసుకు ఈ మూటలతో చేసిన అలాంటి బల్ల చూపించాలి. నచ్చితే ఆర్డరు వస్తుంది. బల్లే తయారు కాకపోతే కంపెనీకి తాళం, యశస్విని ఉద్యోగానికి సెలవు.

అత్త చంద్రమ్మ కూడా మూట కట్టి గేటు దాకా మోసుకొచ్చింది. వ్యాన్ డ్రైవర్ చెయ్యి చాపగానే మూటను కింద పెట్టి, దాని మీద కూర్చుంది.

"గిన్నె ఏది?"

"ఏం గిన్నె అత్తమ్మా? ఇది రీసైక్లింగ్."

"ఏదన్న గానీ. పాత బట్టలకు గిన్నె ఇయ్యాలె. మా అమ్మకు ఇచ్చిన్రు, నాకు ఇచ్చిన్రు. ఊకె ఇయ్యనీకి ఇవేమన్న రోడ్డు మీద దొరికినయా?"

యశస్విని చెత్తకుప్పల గురించి, చెరువుల గురించి, భూమి గురించి చెప్పింది. చంద్రమ్మ అంతా ఓపిగ్గా విని, ఆ బల్లలు ఊరికే పంచుతారా, అమ్ముతారా అని అడిగింది. అమ్ముతామని కోడలికి ఒప్పుకోక తప్పలేదు. చంద్రమ్మ మూట మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

పై అంతస్తు బాలాత్రిపురసుందరిది కాకినాడ. "చంద్రమ్మగారు అన్నదాంట్లో తప్పేముందండీ? మా వైపు చిరిగిన పట్టుచీరకి గంగాళం ఇచ్చేవారు" అంటూ, అప్పటికే వేసిన తన మూటను వ్యాన్‌లోంచి దింపుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ దింపుకున్నారు. వ్యాన్‌లో డ్రైవర్ తుండుగుడ్డ ఒక్కటే మిగిలింది.

యశస్విని మేనేజరుకు ఫోన్ చేసింది. గిన్నెల ఖర్చు కంపెనీదేనని ఆయన ఏడవలేక ఒప్పుకున్నాడు. ఆ మాట సుందరి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అది పక్క అపార్ట్‌మెంట్ల గ్రూపులకు పాకింది. కాసేపటికి స్కూటర్ల మీద మూటలు, ఆటోల్లో మూటలు. నీళ్ల ట్యాంకరు లోపలికి రాలేక బయట హారన్ కొడుతోంది. గిన్నె మాత్రం ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లంతా చంద్రమ్మను చూసి ఎవరి మూట మీద వాళ్లు కూర్చున్నారు.

యశస్విని చందానగర్ మార్కెట్‌కు పరుగెత్తి, పాత బట్టలకు స్టీలు సామానిచ్చే నీలమ్మను గంపతో సహా ఆటోలో తెచ్చింది. పైసలు ఎవరిచ్చినా బేరం మాత్రం తనదేనని నీలమ్మ ముందే చెప్పింది. ఒక్కో మూటా వ్యాన్‌లోకి, ఒక్కో గిన్నే జనం చేతుల్లోకి వెళ్లాయి. చివరికి చంద్రమ్మ వంతు. మూత ఉన్న పెద్ద గిన్నె మీద చెయ్యేసింది. నీలమ్మ మూటను ఎత్తి చూసి పెదవి విరిచింది.

"ఇంకోటి ఎయ్యి అక్కా."

"ఇది నా కోడలి కంపెనీ."

"కంపెనీ నీ కోడలిది, గంప నాది. ఇంకోటి ఎయ్యి. లేకుంటే చిన్న గిన్నె పట్టుకపో."

అందరూ చూస్తున్నారు. పొద్దున్నుంచి వాళ్లను కూర్చోబెట్టిన మనిషి చిన్న గిన్నెతో ఎలా లేస్తుంది? చంద్రమ్మ విసురుగా పైకి వెళ్లింది. చిలకపచ్చ గుడ్డ ఒకటి తెచ్చి మూట మీద పడేసింది. బాల్కనీలో ఆరేసిన మామగారి కొత్త లుంగీ అది. ఇంకా తడి కూడా ఆరలేదు. యశస్విని ఏదో అనబోయి, టైం చూసుకుని, వ్యాన్ తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకుంది.

సోమవారం బల్ల నచ్చింది. ఆర్డరు వచ్చింది. మిగిలిన ముక్కతో కంపెనీ ఒక ట్రే చేయించి చంద్రమ్మకు పంపింది. ఆమె దాన్ని వేలితో కొట్టి చూసి, గిన్నెలాగ మోగుతలేదని పెదవి విరిచి, అందులోనే మొగుడికి చాయ్ తెచ్చింది. నర్సింహ కప్పు ఎత్తాడు. కింద చిలకపచ్చ పోగులు కనిపించాయి.

"ఏమే, నా లుంగీ గాలికి ఎగిరిపోయిందంటివి?"

"పొయ్యింది. ఇగ తిరిగొచ్చింది గదా, చాయ్ తాగు."

ఇప్పుడు ఆ వ్యాన్ నెలకో శనివారం వస్తుంది. ఆ శనివారం మాత్రం నర్సింహ ఇంట్లో బట్టలు ఉతకనివ్వడు.